హెక్టారుకు ఎన్ని గంటలు

పొలంలో ఒక పనికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టడం నా ఉద్యోగం. డార్మ్‌స్టాట్‌లో మాదొక చిన్న ఇంజనీరింగ్ సంస్థ. కూరగాయల రైతులకు కోత యంత్రాలు, కలుపు యంత్రాలు తయారుచేసేవాళ్లు మాకు పని ఇస్తారు. ఫలానా యంత్రం కొంటే రైతుకు ఎన్ని పనిగంటలు మిగులుతాయి, పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుంది అన్నది మేం తేల్చి చెప్పాలి. అందుకని మే నెలలో తెల్లవారకముందే మెడలో స్టాప్‌వాచ్, చేతిలో టాబ్లెట్ పెట్టుకుని సాళ్ల మధ్య నిలబడతాను. జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఈ సంగతి చెబితే, కూలోళ్ల వెనక నిలబడి గడియారం చూసెటోనికి జీతం ఎవడిస్తడని నవ్వారు. అక్కడ ఆ పని మేస్త్రీది. అతనికి గడియారం అక్కర్లేదు, చూపు చాలు.

మా లెక్కలకు ఆధారమైన పట్టికలు డార్మ్‌స్టాట్‌లోనే తయారవుతాయి. బార్ట్‌నింగ్‌స్ట్రాసెలో కేటీబీఎల్ అని ఒక సంస్థ ఉంది. చేను రెండు హెక్టార్లా ఇరవయ్యా, ఇంటి నుంచి చేనుకు ఎంత దూరం, ట్రాక్టరు ఎన్ని హార్స్ పవర్‌ది అని అడిగి, దున్నడం మొదలు కోత దాకా ఏ పనికి ఎన్ని గంటలు, ఎన్ని లీటర్ల డీజిల్ పడుతుందో చెప్పే పట్టికలు వాళ్లవి. జర్మనీలో రైతుకు బ్యాంకు అప్పు ఇవ్వాలన్నా, కొత్త కొట్టం కట్టాలన్నా ఆ అంకెలే ముందుకొస్తాయి. గోధుమకు పంటకాలం మొత్తానికి హెక్టారుకు పది గంటల మనిషి పని కూడా పట్టదు. హెక్టారంటే రెండున్నర ఎకరాలు, అచ్చంగా మా ఇంటి భూమి అంత. మా అవ్వ, అంటే అమ్మ, ఒక్కరోజు చేసే పని అంతకంటే ఎక్కువ.

అదే రైతు పక్క చేలోకి వెళ్తే ఈ లెక్క తలకిందులవుతుంది. డార్మ్‌స్టాట్‌కు పడమర, రైన్ నది దాకా పరుచుకున్న మైదానాన్ని రీడ్ అంటారు. ఇసుక కలిసిన నేల. 9వ నంబరు ట్రామ్ ఎక్కితే గ్రీస్‌హైమ్ వస్తుంది, ఆ ఊరు ఉల్లికి పేరు. ఆ చుట్టుపక్కల, వైటర్‌స్టాట్, ఫుంగ్‌స్టాట్ వైపు స్పార్గెల్ వేస్తారు. మన దగ్గర పెద్ద హోటళ్లలో ఆస్పరాగస్ అని పచ్చగా వడ్డించేదే, వీళ్లు తెల్లగా తింటారు. తెల్లగా ఉండాలంటే మొలకకు ఎండ తగలకూడదు. అందుకని మోకాలెత్తు మట్టికట్ట పోసి, ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు ఉన్న ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. కోసే మనిషి పట్టా ఎత్తి, కట్ట మీద మట్టి చిట్లిన చోటు పట్టుకోవాలి. అక్కడ రెండు వేళ్లతో తవ్వి, మొలక వెంబడి పొడుగాటి కత్తి దించి అడుగున తెంపాలి. పక్కన ఇంకా పైకి రాని మొలకకు గాటు పడకూడదు. గుంత పూడ్చి, తాపీతో మట్టి మెత్తి, పట్టా మళ్లీ కప్పాలి. ఒక్కో మొలకకు ఇంత తతంగం. 22 సెంటీమీటర్ల నిడివికి కోసి, లావును బట్టి వేరుచేసి అమ్ముతారు. తల కాస్త ఊదారంగు తిరిగిందంటే ధర పడిపోతుంది. ఏప్రిల్‌లో మొదలైన కోత జూన్ 24తో ఆగుతుంది. వేరుకు వచ్చే ఏడాదికి బలం మిగలాలి కదా. కోత ఒక్కదానికే హెక్టారుకు వందల గంటలు నా పట్టికలో పడతాయి.

పట్టాను తనే ఎత్తుకుంటూ తనే దించుకుంటూ కట్ట మీద పాకే బ్యాటరీ బండ్లు వచ్చాయి. వాటిని ఇక్కడ సాలీడు అంటారు. కెమెరాతో మొలక తలను గుర్తించి కోసే యంత్రాల మీద కూడా ప్రయోగాలు సాగుతున్నాయి. ఇప్పటికైతే వేళ్లదే పైచేయి.

ఆ వేళ్లు జర్మన్లవి కావు. ఈ దేశంలో పనిచేసేవాళ్లలో వ్యవసాయంలో ఉన్నవాళ్లు ఒక శాతం పైచిలుకు అని పుస్తకాల్లో చదువుతాం. 2020 వ్యవసాయ గణనలో 9.38 లక్షల మంది తేలారు. అందులో 2.7 లక్షల మందికి పైగా సీజన్ కూలీలు, ఎక్కువగా రుమేనియా, పోలండ్ వాళ్లు. 70 రోజుల లోపు పనైతే యజమాని వాళ్ల పింఛనుకు వాటా కట్టనక్కర్లేదన్న నిబంధన ఏళ్లుగా నడిచింది. నేను గంటలు లెక్కగట్టిన ఒక ముఠాలో యాభై దాటిన రుమేనియా ఆవిడ ఉండేది. నేను పెట్టిన గడియారాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. టీ విరామంలో ఆమె, నేను వచ్చీరాని జర్మన్‌లో మాట్లాడుకునేవాళ్లం. ఊళ్లో కొంచెం మొక్కజొన్న, రెండు పందులు, కోళ్లు ఉన్నాయట. ఇక్కడి రెండు నెలల సంపాదన కొడుకు ఇంటికప్పుకు, కూతురి చదువుకు. మిగతా పది నెలలు ఆ చెలకే అన్నం. మీ అమ్మకు పింఛను వస్తుందా అని అడిగింది. వస్తుంది, బీడీలు చుట్టినందుకు ప్రభుత్వం నెలకు 2,016 రూపాయలిస్తుంది, సేద్యం చేసినందుకు కాదు అని చెప్పాను. తలాడించింది. ఐరోపా సమాఖ్యలో జనం అత్యధిక శాతం వ్యవసాయం మీద ఆధారపడిన దేశం వాళ్లదే. జర్మనీ లెక్కలో ఒక శాతమే కనిపించడానికి కారణం, ఆ ఒక్క శాతానికి సాయపడే రైతులు వేరే దేశపు లెక్కలో ఉండటం కూడా అని నాకనిపిస్తుంది.

ఈ ప్రాంతం ఎప్పుడూ ఇలా లేదు. రీడ్‌లోని గొడ్డెలావులో 1813లో గియోర్గ్ బ్యూష్నర్ పుట్టాడు. నాటకకర్తగా పేరు రాకముందే, 1834లో, హెస్సె రైతుల కోసం ఒక కరపత్రం రహస్యంగా అచ్చేయించాడు. ఏడు లక్షల జనం ఏటా అరవై మూడు లక్షల గుల్డెన్ల పన్ను కడుతున్నారని మొదట్లోనే లెక్క చెబుతుంది అది. అంకెలతో కోపం తెప్పించవచ్చని నాకు తెలిసింది అది చదివాకే. 1846లో డార్మ్‌స్టాట్ పక్కనున్న గ్రోస్ సిమర్న్ గ్రామం తన ఊరి పేదలను వందల సంఖ్యలో ఓడ ఖర్చు పెట్టి మరీ అమెరికా పంపించేసింది. ఆ శతాబ్దంలో యాభై లక్షల మందికి పైగా జర్మన్లు అట్లాంటిక్ దాటారు. వ్యవసాయం నుంచి జనం బయటపడటమంటే ఫ్యాక్టరీ గేటు తెరుచుకోవడమే అని చెప్పేవాళ్లు ఈ ఓడల సంగతి మరిచిపోతారు. మన దేశపు ఊళ్లకు అంత ఖాళీ ఖండం ఎక్కడుంది? ఆ ఖండం ఖాళీదీ కాదు, అది వేరే కథ.

డార్మ్‌స్టాట్‌లోనే 1803లో పుట్టిన రసాయన శాస్త్రవేత్త యూస్టుస్ లీబిగ్ మొక్కకు నేల నుంచి ఏ ఖనిజాలు కావాలో చెబుతూ 1840లో పుస్తకం రాశాడు. 1913లో ఇక్కడికి దక్షిణాన ఓపావులో గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తీసే ఫ్యాక్టరీ నడవడం మొదలైంది. మా ఊరి యూరియా బస్తా వంశవృక్షం ఈ చుట్టుపక్కలే ఉందన్నమాట. అయితే ఎరువు దిగుబడిని పెంచింది గానీ, మనిషిని పొలం నుంచి కదిలించింది వేరే.

గ్రీస్‌హైమ్‌లో ఎనభై ఏళ్ల రైతు ఒకాయన నాకు ఆ సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇక్కడ కూడా ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచే ఆచారం. తాతల నాటి చేను ముక్కలై, ఆయన తండ్రికి వేర్వేరు చోట్ల పట్టీల్లాంటి మడిచెక్కలు మిగిలాయి. తండ్రి సైకిలు మీద రుస్సెల్స్‌హైమ్‌లోని ఒపెల్ కార్ల ఫ్యాక్టరీకి షిఫ్టుకు పోయి, వచ్చాక ఉల్లి చేలో దిగేవాడు. 1953లో భూముల పునర్విభజన చట్టం వచ్చి ముక్కలను ఒకచోటికి చేర్చారు. 1957లో రైతులకు వృద్ధాప్య పింఛను పెట్టారు, దానికొక షరతు: సాగు కొడుకుకో, కౌలుకో అప్పగించి తప్పుకుంటేనే పింఛను. ఆ షరతు 2018 దాకా నడిచింది. ఆ పింఛను పత్రం వచ్చిన రోజునే మా నాయిన చేను వదిలాడు, అంతకుముందు ఎన్ని ట్రాక్టర్లు వచ్చినా వదల్లేదు అన్నాడు పెద్దాయన. ఆయన మాత్రం డార్మ్‌స్టాట్‌లోని మెర్క్‌లో పనిచేసి రిటైరయ్యాడు. భూమి పక్కింటి రైతుకు కౌలుకిచ్చాడు. జర్మనీ సాగుభూమిలో సగానికి పైగా ఇప్పుడు కౌలుదే. కాగితం మీద, ఏళ్ల తరబడి గడువుతో. కౌలుదారు ఆ ధీమాతోనే డ్రిప్ పైపులు వేస్తాడు, స్పార్గెల్ నాటుతాడు. నాటాక రెండేళ్లు కోయకూడదు మరి.

మా రెండున్నర ఎకరాలూ కౌలుకే ఉండేవి, ఇరవై గుంటలు తప్ప. శ్రీరాంసాగర్ కాలువ కింద రెండు కార్ల వరి. నోటిమాట కౌలు, ఏడాదికేడాది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి కారుకు 4,000 రూపాయలు పట్టా ఉన్న బాపు ఖాతాలో పడ్డాయి, నాగలి పట్టే మనిషికి కాదు. కౌలు కాగితం రాసిద్దామని నేనంటే, రాసిస్తే భూమి పోతదని బాపు భయం. ఊళ్లో అందరిదీ అదే భయం. దాన్ని తెలివితక్కువతనం అనుకోను. భూమి తప్ప వాళ్ల వెనక ఇంకేం లేదు. పింఛనూ అదే, కూతురి పెళ్లికి బ్యాంకూ అదే, కొడుకు ఉద్యోగం పోతే భృతీ అదే.

కరోనా వచ్చిన 2020 వసంతంలో ఈ తేడా కళ్లారా చూశాను. మార్చి 25న జర్మనీ సీజన్ కూలీలకు సరిహద్దు మూసింది. రీడ్ రైతులు గోల పెట్టారు. వారం తిరిగేసరికి ప్రభుత్వం దిగొచ్చి, ఏప్రిల్‌లో 40 వేల మందిని, మేలో 40 వేల మందిని విమానాల్లో రప్పించుకోవడానికి ఒప్పుకుంది. ప్రపంచమంతా ఇళ్లలో కూర్చున్న రోజుల్లో స్పార్గెల్ కోసం రుమేనియా నుంచి విమానాలు దిగాయి. ఇక్కడి ఫ్యాక్టరీల్లో పని తగ్గినవాళ్లకు కుర్జార్‌బైట్ అని ఒక ఏర్పాటుంది: ఉద్యోగం ఉంచి, గంటలు తగ్గించి, తగ్గిన జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం ప్రభుత్వ నిధి భరిస్తుంది. ఆ ఏప్రిల్‌లో దాదాపు 60 లక్షల మంది దాని నీడన ఉన్నారు. మా సంస్థలో మేమూ కొన్నాళ్లు ఉన్నాం.

అవే రోజుల్లో మన దగ్గర కూలీలు ఎదురుదిక్కున నడిచారు. ములుగు జిల్లా మిరప చేలల్లో ఏరడానికి వచ్చిన పన్నెండేళ్ల గిరిజన బాలిక ఒకతె ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కు కాలినడకన పోతూ ఇల్లు చేరకుండానే చనిపోయింది. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలో మొదటి శ్రామిక్ రైలు కదిలింది, 1,200 మందితో. అందులో చాలామంది కందిలో ఐఐటీ భవనాలు కట్టడానికి వచ్చినవాళ్లు. మా తమ్ముడు అప్పుడు హైదరాబాద్‌లో క్యాబ్ నడిపేవాడు. ఈఎంఐ కట్టలేక కారు ఫైనాన్సువాళ్లకు అప్పగించి, పెళ్లాం పిల్లలతో ఊరికొచ్చేశాడు. ఆ ఏడు కౌలుకిచ్చిన భూమిలో సగం తిరిగి తీసుకుని సాగులో దిగాడు.

నా వృత్తి కళ్లతో చూస్తే అక్కడ జరిగింది ఇది: చేను పెరగలేదు, పని పెరగలేదు, అవే గంటలను ఇంకో ఇద్దరు పంచుకున్నారు. కేంద్రం జరిపే పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే ఉపాధి సర్వేలో మాత్రం వాళ్లు వ్యవసాయంలో స్వయం ఉపాధి పొందుతున్నవాళ్లుగా చేరతారు. 2018-19లో పనిచేసేవాళ్లలో 42.5 శాతం వ్యవసాయంలో ఉంటే, మరుసటి ఏడాది 45.6, ఆ తరువాత 46.5 అయింది. దశాబ్దాలుగా తగ్గుతూ వస్తున్న అంకె వెనక్కి తిరిగింది. కరోనా పోయాకైనా దిగిందా అంటే 2023-24లోనూ 46.1 దగ్గరే ఉంది. దేశ ఆదాయంలో వ్యవసాయం వాటా చూస్తే 18 శాతం అటూఇటూ. ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో రాసిన వ్యాసంలో పల్లెల్లో మిగులు శ్రమ ఉంటుందని, పరిశ్రమ పెరిగే కొద్దీ దాన్ని లాగేసుకుంటుందని చెప్పాడు. ఆ లాగుడు ఆగిపోతే, తిరిగి నెట్టేస్తే ఎవరు పట్టుకుంటారన్నది మా తమ్ముడి కథ. జర్మనీలో ఖజానా పట్టుకుంది. మన దగ్గర ఎకరంన్నర చేను పట్టుకుంది.

తమ్ముడు తరువాత మళ్లీ హైదరాబాద్ పోయాడు, ఈసారి బైకు మీద తిండి పార్శిళ్లు చేరవేసే పనికి. పెళ్లాం పిల్లలు ఊళ్లోనే ఆగిపోయారు. ఇప్పుడు ఆ చేను మరదలి లెక్క. దేశంలో పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో వ్యవసాయంలో ఉన్నవాళ్లు 2017-18లో 73.2 శాతం, 2023-24లో 76.9 శాతం. మగవాళ్లు దొరికిన దారిన పోతుంటే సేద్యం ఆడవాళ్ల చేతికి వస్తోంది. పట్టా మాత్రం రావడం లేదు.

ఊరికి పోయినప్పుడు ఒకసారి సరదాకి మా అవ్వ రోజును పట్టికలో వేద్దామని కూర్చున్నాను. తెల్లారి బర్రెకు గడ్డి, పాలు. ఇరవై గుంటల్లో బెండకాయ తెంపడం. కోసేటప్పుడే పక్కన కలుపు పీకుతుంది, రెండు పనులు ఒకే నిమిషంలో. దాన్ని ఏ గడిలో రాయాలో కేటీబీఎల్ పట్టిక చెప్పదు. మధ్యాహ్నం చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూ మనవడికి ఎక్కాలు చెప్పించింది. నాలుగింటికి కాలువ నీళ్లు ఎవరో మళ్లించారని పార పట్టుకుని పోయింది. “ఏం రాస్తున్నవ్ కొడుకా?” అంది తిరిగొచ్చి. గంటలవ్వా అన్నాను. “గంటలెక్కడియి బిడ్డా! పొద్దుగాల లేస్తే పొద్దుమీకేదాక పనే. అన్ని కలుపుకుంటనే ఇల్లు.”

ఆవిడ చెప్పిందే నేను నా వృత్తిలో ఏళ్ల తరబడి చూస్తున్నాను. సేద్యపు పని ఏడాది పొడుగునా సమంగా పరుచుకుని ఉండదు, గుట్టలుగా వస్తుంది. కాలువ వదిలాక రెండు మూడు వారాల్లో ఆయకట్టంతా నాట్లు పడాలి. ఎకరానికి ఎనిమిది పది మంది ఆడవాళ్లు వంగాలి. ఆ వారాల్లో ఊళ్లో మనిషి దొరకదు. బీహార్, బెంగాల్ నుంచి ముఠాలు దిగి ఎకరానికి ఇంతని గుత్తకు నాట్లేసి పోతున్నాయి, తాడు పట్టి వరసగా, మనవాళ్లకంటే వేగంగా. కోతకొస్తే చైన్ మిషను గంటలో ఎకరం లేపేస్తుంది. తక్కిన నెలలు పని వెతికినా ఉండదు. కూలీలు దొరకడం లేదని రైతూ, పని లేదని కుర్రాడూ ఒకే చాయ హోటల్లో కూర్చుని చెబుతారు, ఇద్దరిదీ నిజమే. గుట్ట మీద బతకలేం కనుక ఇల్లు నాలుగైదు పనులను కుట్టుకుంటుంది: దుబాయ్, బీడీ, బర్రె, ఆటో, ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైనప్పుడు కూలీల రేట్లు పాడైపోతాయని పెద్ద రైతులు గొణిగారు. నాకైతే ఎండాకాలపు ఖాళీ నెలలను ప్రభుత్వం గుర్తించిన సందర్భం అదొక్కటే అనిపిస్తుంది.

వ్యవసాయం నుంచి జనాన్ని తప్పించాలని నిపుణులు చెప్పినప్పుడల్లా, ఏ గుట్టలోంచి, ఏ నెలలో, ఎవరిని అని అడగాలనిపిస్తుంది. తప్పించడం నాకు తెలిసిన విద్యే, యంత్రం బొమ్మ గీస్తే చాలు. నాటు మిషను లెక్క వేయమని హైదరాబాద్ నుంచి ఒకాయన అడిగితే వేసిచ్చాను. జూలైలో మిగిలే గంటలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ గంటలు మిగిలిన ఆడవాళ్లు ఆగస్టులో ఏం చేస్తారన్న గడి నా పట్టికలో లేదు. ఆయన కూడా అడగలేదు. యంత్రం వద్దనే వాదన నాది కాదు. మోకాలి లోతు బురదలో నడుం వంచి పది గంటలు నిలబడటం ఎవరి హక్కూ కాకూడదు. కానీ గ్రీస్‌హైమ్ పెద్దాయన తండ్రికి ట్రాక్టరు కంటే ముందు ఒపెల్ ఉంది, దాని వెంటే పింఛను పత్రం వచ్చింది. మనం ఆ వరసను తిరగేసి నడుస్తున్నాం.

2015లో గంటకు 8.50 యూరోలతో మొదలైన ఇక్కడి కనీస వేతనం 2026 జనవరి నుంచి 13.90కి చేరింది. రీడ్‌లో కొందరు రైతులు స్పార్గెల్ తగ్గించి యంత్రంతో అయ్యే పంటలకు మారతామంటున్నారు, కొందరు మా దగ్గర లెక్కలు తీసుకుంటున్నారు. ఈ అంకె మా ఊరికి ఎలా చేరిందో గానీ మా కౌలుదారు కొడుకు ఫోన్ చేశాడు. వరికోత మిషను నడుపుతాడు, డిగ్రీ ఉంది.

“అన్నా, మీ తాన ఏదో గడ్డ తవ్వితే గంటకు పదమూడు యూరోలంట గదా, మమ్ముల తీస్కుంటరా?”

తీసుకోరని చెప్పాను. ఐరోపా సమాఖ్య దేశాలవాళ్లు సరే, జార్జియాతో, మోల్డోవాతో సీజన్ కూలీల ఒప్పందాలున్నాయి, మనతో లేదు. 2022 డిసెంబరులో భారత్, జర్మనీ సంతకం చేసిన వలస ఒప్పందం విద్యార్థులకు, చేతిలో సర్టిఫికెట్ ఉన్న పనివాళ్లకు. భాష నేర్చుకుంటే లారీ డ్రైవరుగా దారి ఉండొచ్చు, ఏడాదిన్నర పడుతుందన్నాను.

“ఏడాదిన్నర భాషకా? అంతల దుబాయ్ పోయి ఒక అప్పు తీర్చుకోని రావచ్చు.” కాసేపు లెక్కలేసుకుని మళ్లీ అడిగాడు. “గది సరే గని, గంటకు ఎన్ని కిలోలు కొయ్యాలె?”

చేయి తిరిగినవాళ్లు పది కిలోల దాకా కోస్తారని చెప్పాను. మిరప ఏరుడు కంటే నయమే అన్నాడు. సోమవారం జగిత్యాలలో దుబాయ్ కంపెనీ ఇంటర్వ్యూ ఉందట, దానికి పోతున్నాడు. యాసంగి కోతలకు మిషను మీద ఇంకొకణ్ని వెతుక్కోమని ఓనరుకు అప్పటికే చెప్పేశాడు.